గాలి దూరని రాయి

ఫెహీన్ తన యాభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఎత్తిన వాటిలోకెల్లా బరువైనది వాళ్ళ అక్క సైవ్ నీళ్ళ బాల్చీ అని, అది కూడా ఆ రోజున సగమే నిండి ఉన్నదని మా ఊరు రోస్ గీహాలో అందరూ ఎరుగుదురు. తడిసిన కోటుతో సహా తూచినా అతడు ఒక బంగాళాదుంపల బస్తాకు, ఆ బస్తాపై వాలిన కోడిపెట్టకు సరితూగేవాడు. అటువంటి మనిషి "పడమటి తీరంలో సత్తువ రాయిని ఎత్తినవారిలో నేటికి మిగిలిన ఒకే ఒక బలశాలి" అని డబ్లిన్‌లోని ఒక నిఘంటు కార్యాలయపు దస్త్రంలో నమోదు కావడం ఎట్లు సంభవించినదో క్రమంగా చెప్పడం అవసరమని భావిస్తున్నాను. సంబంధించిన ఉత్తరాలన్నిటి నకళ్ళు మా చేపల సహకార సంఘం గదిలో, కార్యదర్శినైన నా చేతివ్రాతతోనే ఉన్నవి.

అతడు నడక నేర్వకముందే తండ్రి సముద్రం పాలయ్యాడు. తల్లి బ్రీజ్ పెంచింది. అందుచేత ఊరు అతడిని తండ్రి పేరుతో కాక బ్రీజమ్మ ఫెహీన్ అని పిలిచేది. పడవలవాళ్ళు అతడిని రెండుసార్లు వెంట తీసుకుపోదలచారు. మొదటిసారి అతడు వాంతి చేసుకుంటూ ఉండగా చేతిలోని వల జారిపోయింది. రెండవసారి వాంతి అయ్యేటప్పటికి పడవ ఇంకా ఒడ్డుకు కట్టే ఉన్నది. చలికాలమంతా దగ్గు గనుక బడికి పోయిన రోజులు స్వల్పం; చదవడం, రాయడం అబ్బలేదు. అతడికి ఉన్నదల్లా చెవి. ఒక మాట ఒక్కసారి వింటే చాలు, అది ఎవరన్నారో, అన్నప్పుడు వారి చేతిలో ఏమున్నదో, గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నదో సహా నిలిచిపోయేది.

"ఈ మాట లౌరాస్ వాళ్ళ తాత అన్నాడండీ. గాలి ఉత్తరం. చేతిలో పీత ఉంది. పీత కరిచింది, అందుకే మాట అంత గట్టిగా వచ్చింది" అని చెప్పేవాడు.

పన్నెండేళ్ళ క్రితం ఆ నిఘంటు కార్యాలయం వారు, ఊళ్ళలో పెద్దలు వాడే మాటలను పంపగలవారు కావలెనని ప్రార్థనాలయంలో ప్రకటన చదివించారు. వారు పంపే చీటీలో పైన ఒక మాట ఉండేది, కింద అంతా ఖాళీ. ప్రతి శనివారం ఫెహీన్ సంఘం గదికి వచ్చి చెప్పేవాడు, నేను రాసేవాడిని, అతడు సంతకానికి బదులు ఒక గీత పెట్టేవాడు, "చెప్పినది చెప్పినట్లే వ్రాయబడినది" అని నేను సంతకం చేసేవాడిని. మొదటి రెండేళ్ళు బ్రీజమ్మ మంచం మీద ఉన్నది. మాటలన్నీ ఆమెవే. ఆమె మంచం నుంచి నా బల్ల దాకా ఉన్న అరమైలు దూరం ఫెహీన్ పెదవులు బిగించి నడిచేవాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే చేయి ఊపేవాడే తప్ప నోరు తెరిచేవాడు కాదు, మాట ఒలికిపోతుందని. కన్నుమూయడానికి మూడు రోజుల ముందు కూడా ఆమె ఒక చీటీని వెనక్కి తెప్పించి, "కూత కాదురా, కూతలో కూత" అని సరిదిద్దింది. అది ఏమిటో నాకు ఈనాటికీ బోధపడలేదు, అయినను రాశాను.

మొత్తం ఎనిమిది వందల నలభై చీటీలు పోయాయి. అందులో ఐదు వందల పన్నెండు బ్రీజమ్మవి. అచ్చయినప్పుడు ప్రతి మాట పక్కన మా ఊరి పేరు పొట్టిగా ఉంటుందని కార్యాలయం వారు మాట ఇచ్చారు. ఫెహీన్ ఈ లోకంలో కోరుకున్నది అదొక్కటే.

రాయి గొడవ జరిగిన సంవత్సరం మార్చిలో వచ్చిన చీటీ మీద "న్యార్త్" అని ఉన్నది. మా భాషలో సత్తువకు మాట అది. పుంలింగమనియు, షష్ఠిలో నడిమి అచ్చు పలచబడి "నిర్త్" అగుననియు కార్యాలయం వారే పైన రాసుకున్నారు. ఫెహీన్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"రాయండి సెక్రటరీ గారూ. న్యార్త్ మనిషిలో ఉండదు, మనిషి దగ్గర ఉంటుంది. ‘నా దగ్గర న్యార్త్ ఉంది’ అంటాం. అంటే పొద్దున మన దగ్గర ఉండి, సాయంత్రానికి పక్కింటికి పోవచ్చు."

"పక్కింటికి పోవచ్చునన్నది కూడా రాయవలెనా?"

"అది అమ్మ అన్నది. రాయండి. బోలెడు అన్నా అదే మాట. న్యార్త్ దుంపలు, న్యార్త్ వాన, న్యార్త్ పిల్లలు. మన చేతుల్లో లేనిదానికీ అదే. ‘దాని మీద నాకు న్యార్త్ లేదు’ అంటే నేనేం చేసేది అని. ఇంకా ఉంది. ఆకలి కొద్దీ తిన్నాడు, కోపం కొద్దీ తలుపేశాడు అన్నచోట కూడా అదే. ఆకలి న్యార్త్‌తో తిన్నాడు, కోపం న్యార్త్‌తో తలుపేశాడు."

"అక్కడ ఆకలి, కోపము అనునవి షష్ఠిలో ఉండవలెను."

"ఉండనివ్వండి, వాటికేం నొప్పి? అమ్మ మా మేనత్త గురించి అనేది, ‘మతిమరుపు న్యార్త్‌తో ఒకే చావుకి రెండుసార్లు ఏడ్చింది’ అని. గాలి పడమర. అమ్మ చేతిలో కత్తి."

ఒక చీటీ చాలక నాలుగు చీటీలు అయినవి. ఆ నాలుగు చీటీల ఫలితంగానే ఏప్రిల్ నెలలో కార్యాలయం నుంచి ‘ఓ తూహల్’ అనే ఇంటిపేరు గల ఉద్యోగి గారు సైకిల్ మీద, వానలో, స్వయంగా దయచేశారు.

ఓ తూహల్ గారు సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలతో ఉండే సజ్జనులు. మా భాషను పుస్తకాల ద్వారా సంపూర్ణంగా నేర్చినవారు. వారికి ఉన్న లోపం ఒక్కటే. చదువు ఎక్కువ కావడం చేత, వారి ప్రతి ప్రశ్న తన జవాబును సంచిలో వేసుకునే వచ్చేది. "దీన్ని మీరు ఇలా అంటారు కదూ?" అని అడిగేవారు. మా వైపు, పొయ్యి పక్కన కూర్చున్న అతిథి మాటను ఎదుట కాదనడం, అతని కింద కుర్చీని లాగివేయడంతో సమానం. పైగా మా భాషలో అవును అనడానికి గాని, కాదు అనడానికి గాని విడిగా మాట లేదు. అడిగినవారి క్రియనే తిరిగి వారి చేతిలో పెట్టాలి. కాదనవలెనంటే, అతిథి స్వయంగా తెచ్చిన క్రియకే "లేదు" తగిలించి విసరాలి. అంతటి మొరటుతనం రోస్ గీహాలో నా ఎరుకలో జరగలేదు.

"అంటారు కదూ?" "అంటామండి." మూడు రోజులు పొయ్యి దగ్గర ఇదే సాగింది. సైవ్ రొట్టె పిండి పిసుకుతూ విన్నది. "పిల్లిని మీరు గుర్రం అంటారు కదూ అని అడిగినా వీడు అంటామండీ అనేవాడే" అని తరువాత నాతో అన్నది.

మూడవ రోజు వాన వెలిసింది. ఓ తూహల్ గారు బయలుదేరుతున్నారు. సంఘం తరఫున వీడ్కోలు చెప్పడానికి నేనూ వెళ్ళాను. వారి సైకిల్, ఫెహీన్ పెరటి గోడ మూలనున్న బూడిదరంగు రాయికి చేరగిలబెట్టి ఉన్నది. మోకాలి ఎత్తున, గుడ్డు ఆకారంలో, నున్నగా ఉండే రాయి అది. పూర్వం మా వైపు ప్రతి ఊరికీ ఒక సత్తువ రాయి ఉండేది. ఆదివారం ప్రార్థన ముగిశాక పడుచువాళ్ళు దానిని ఎత్తేవారు. గుండె దాకా ఎత్తనక్కరలేదు, నేలకూ రాయికీ నడుమ గాలి దూరితే చాలు, మనిషి లెక్కలోకి వచ్చినట్టే. మా ఊరి రాయిని మా తాతల కాలంలో రేవు కట్టేటప్పుడు పునాదిలో వేసి కట్టేశారు. ఈ సంగతి ఓ తూహల్ గారికి తెలియదు.

"ఇదే కదూ మీ సత్తువ రాయి?" అన్నారు వారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఫెహీన్ రాయిని చూశాడు. అది సైవ్ తడిబట్టలు ఆరవేసుకునే రాయి. తరువాత అతిథిని చూశాడు.

"అదేనండి."

"దీని కిందికి గాలి పోనిచ్చిన మగవాళ్ళు ఉన్నారు కదూ?"

"ఉన్నారండి."

"మీరూ ఎత్తారు కదూ?"

ఫెహీన్ పుట్టిన తరువాత అతడిని ఆ ప్రశ్న అడిగినవారు లేరు. గడ్డం కొంచెం పైకి లేచింది. కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"ఎత్తానండి."

లోపల సైవ్ చేతిలోని రొట్టె పెనం కింద పడింది. ఓ తూహల్ గారు ఆనందంతో రాసుకుని, నన్ను ధ్రువీకరించమన్నారు. "ఫెహీన్ ఇట్లు చెప్పెను" అని సంతకం చేశాను. అతడు అట్లే చెప్పాడు గనుక అందులో దోషం లేదు.

మే నెల ఇరవై రెండవ తేదీన వచ్చిన ఉత్తరం నకలు ఇది:

"అయ్యా, విషయము: న్యార్త్ అను పదము, సత్తువ రాయి. తమ సాక్ష్యము మా సంచాలకులైన శ్రీ ఓ గ్రీఫా గారిని మిక్కిలి ఆకర్షించినది. వారు జూన్ పద్నాలుగవ తేదీ గురువారము ఉదయము పదకొండు గంటలకు స్వయముగా విచ్చేసి, తమరు రాయిని ఎత్తుటను తిలకించి, ఛాయాచిత్రము తీయింతురు. మా నియమావళిలోని ఏడవ నిబంధన ప్రకారము, ఏ సాక్షి చెప్పినదానిలో ఒక్కటి అసత్యమని తేలినను ఆ సాక్షి పంపిన చీటీలన్నియు తొలగింపబడునని తమకు విదితమే."

విదితము కాదు. ఫెహీన్ కోరిక మీద రెండుసార్లు చదివాను.

"అన్నీనా? అమ్మవి కూడానా?"

"అన్నియు అని ఉన్నది."

అతడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఐదొందల పన్నెండు" అన్నాడు.

వార్త మధ్యాహ్నానికి ఊరు తిరిగి వచ్చింది. లౌరాస్ అనే మా జాలరి, నిజంగానే బలశాలి, వల ముడులు వేస్తున్నవాడు లేచి వచ్చి ఫెహీన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏమోయ్ వస్తాదూ! కండలేవీ? ఇంట్లో దాచి వచ్చావా?"

"నవ్వకు లౌరాస్. అమ్మ మాటలన్నీ పోతాయి."

లౌరాస్ నవ్వు ఆపాడు. బ్రీజమ్మ అతడికి కూడా జోలపాడిన మనిషి. "సరేలే, ఏడవకు. ఆదివారం పారలు తెస్తాం. రాయి చుట్టూ మట్టి వదులు చేసి, కింద చదును పలక పెడదాం. ఆ రోజు నువ్వు పట్టుకున్నట్టు చెయ్యి, గోడ వెనక నుంచి నేను మీటుతాను. గాలి కాదు, దూడ దూరేంత సందు చూపిస్తా."

ఆదివారం ప్రార్థన కాగానే తవ్వకం ప్రారంభమైనది. జాన లోతున రాయి కొంచెం వెడల్పయింది. మోకాలి లోతున మంచమంత అయింది. నడుము లోతున దాని అంచు పెరటి గోడ కింది నుంచి రోడ్డు వైపు పోయింది. లౌరాస్ పార ఆపి, గుంటలో నుంచి తల పైకెత్తాడు.

"ఒరేయ్ ఫెహీన్, ఇది రాయి కాదురా. ఇది దేశం. పైకి కనిపించేది దాని ముక్కు. నువ్వు దీన్ని ఎత్తావంటే గాల్వే పట్నంలో బిషప్ గారి టీ ఒలికిపోతుంది."

"కొంచెం కదిలించలేవా?"

"నేనా? దేవుడు దీన్ని పెట్టినప్పుడు ఒక్కడే పెట్టి ఉండడు."

"తవ్వింది చాలు, పూడ్చండి!" అని సైవ్ గుమ్మంలోంచి అరిచింది. "నా బట్టలు ఎక్కడ ఆరేసుకోను, ఆ బురదలోనా? వీడికి బుద్ధి లేకపోతే ఊరందరికీ పారలున్నాయి!"

నిజం చెప్పి ఉత్తరం రాయడమే మార్గమని సోమవారం నిర్ణయమైనది. ఫెహీన్ నా బల్ల ముందు నిలబడి చెప్పాడు: "రాయి ఎత్తలేదు. అబద్ధం చెప్పాను. అమ్మ మాటలు తియ్యకండి. అంతే రాయండి."

అటువంటి వాక్యాలు కార్యాలయానికి పంపదగినవి కావని నేను వివరించాను. పైగా, అడిగినది ఓ తూహల్ గారు గనుక, మనం ఇట్లు రాసినచో వారి పై అధికారి ఎదుట వారిని తెలివితక్కువవారని అన్నట్టే అవుతుంది.

"అయ్యో, అది వద్దు" అన్నాడు ఫెహీన్. "మన పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి."

కావున మూడు చిత్తుప్రతుల అనంతరం ఈ క్రింది విధంగా పంపడమైనది: "రాయి ఎత్తుట అను క్రియ సంపూర్ణముగా జరిగినదా అను విషయమున, కాలగమనము చేత, సాక్షికి ఒకింత సందేహము కలుగుటకు అవకాశము లేకపోలేదని, పెద్దల మన్ననను కోరుచు విన్నవించుకొనుచున్నాము."

జవాబు వారం లోపల వచ్చింది. "తమ వినయము శ్లాఘనీయము. నిజమైన బలశాలి లక్షణమిదే. పద్నాలుగవ తేదీన దర్శించెదము."

సైవ్ రెండు ఉత్తరాలనూ నాతో చదివించుకున్నది. "మీరిద్దరూ నిజానికి ఇన్ని కోట్లు తొడిగితే లోపల మనిషున్నాడని ఎవరికి తెలుస్తుందయ్యా?" అన్నది. ఆ మాటలో కొంత న్యాయం ఉన్నదని అంగీకరిస్తున్నాను.

పద్నాలుగవ తేదీ ఉదయానికి సైవ్ రాయిని సబ్బుతో కడిగింది. నలభై మంది ఆదివారపు బట్టలతో గోడ వెంబడి నిలబడ్డారు. కారు సమయానికే వచ్చింది. ఓ తూహల్ గారు కెమెరాతో ముందు దిగారు. తరువాత దిగిన ఓ గ్రీఫా గారు తలుపంత మనిషి. ఉత్తరాన ఒక దీవిలో పుట్టినవారట. చొక్కా చేతి అంచు తెల్లగా ఇస్త్రీ చేసి ఉన్నా, దానిలోంచి బయటికి వచ్చిన చేయి తెడ్డు వేసిన చేయే. సైవ్ టీ ఇవ్వబోతే రెండుసార్లు వద్దని, మూడవసారి పుచ్చుకున్నారు. పెంపకం తెలిసింది.

తరువాత రాయి దగ్గరికి నడిచి, ఆవు పొట్ట నిమిరినట్టు దాని మీద అరచేయి వేశారు. మడమతో ఒకసారి తట్టారు. ఫెహీన్‌ను తల నుంచి కాళ్ళ దాకా, అది పెద్ద దూరం కాదు, చూశారు. వారి ముఖంలో ఏ మార్పూ లేదు.

"గాలి బాగుంది" అన్నారు. "కానివ్వండి. బరువెత్తే మనిషిని గుడ్లప్పగించి చూడడం మా దీవిలో మర్యాద కాదు. నేను సముద్రం చూస్తుంటాను."

"అయ్యా, మరి తిలకించడం..." అన్నారు ఓ తూహల్ గారు.

"నువ్వు కూడా ఇటు తిరుగు."

ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన ఏమి చేస్తున్నారో నలభై మందికీ అర్థమైనది. మాకు ఒక తలుపు తెరిచి పెట్టి, తాము పక్కకు తప్పుకున్నారు.

ఫెహీన్ రాయిని కౌగిలించుకున్నాడు. అతడి చేతులు రాయి చుట్టూ సగం దాకా వచ్చాయి. ముఖం ఎర్రబడింది. "కానీ వస్తాదూ!" అన్నాడు లౌరాస్, అలవాటు కొద్దీ. ప్యాంటు పట్టీ గుండీ ఒకటి తెగి, గోడకు తగిలి, తిరిగి అతడి కాళ్ళ దగ్గరే పడింది.

"గాలి దూరిందా?" అని ఓ గ్రీఫా గారు సముద్రాన్ని అడిగారు.

నలభై మంది గుండెల నిండా గాలి పీల్చారు. "దూరింది" అన్న మాట నలభై నోళ్ళలో సిద్ధంగా ఉన్నది. నా నోటిలో కూడా ఉన్నదని చెప్పకపోతే ఈ వృత్తాంతం సమగ్రం కాదు. లౌరాస్ పెదవులు విడివడ్డాయి.

ఫెహీన్ వంగి గుండీ ఏరుకున్నాడు.

"దూరలేదండి."

ఎవరో ముసలమ్మ శిలువ గుర్తు వేసుకున్నది. ఓ గ్రీఫా గారు ఇటు తిరిగారు.

"నేను ఎప్పుడూ ఎత్తలేదండి" అన్నాడు ఫెహీన్. "ఇది ఎత్తే రాయి కాదు. మా అక్క లంగాలు ఆరేసుకునే రాయి. అడుగున దేశమంతా ఉంది, మావాళ్ళు తవ్వి చూశారు. ఇప్పుడు దూరిందంటే ఎవరూ కాదనరు, నాకు తెలుసు. కానీ అమ్మ మాటల పక్కనే ఇదీ అచ్చవుతుంది. అమ్మ దీని పక్కన కూర్చోదండి. నా మాటలన్నీ కొట్టెయ్యండి. ఆవిడవి మాత్రం ఉంచండి. అవి ఎవరూ అడిగి చెప్పించినవి కావు."

"మరి ఎత్తానని ఎందుకన్నావు?"

ఫెహీన్ ఓ తూహల్ గారిని చూసి, తల దించుకున్నాడు. "మర్యాద న్యార్త్‌తో అన్నానండి."

ఓ గ్రీఫా గారు జేబులోంచి ఒక ఖాళీ చీటీ, పెన్సిల్ ముక్క తీశారు. "ఇంకోసారి అను."

"మర్యాద న్యార్త్‌తో."

"మీ అమ్మ మాటా?"

"కాదండి. ఎవరూ అనగా వినలేదు. ఇప్పుడే వచ్చింది." కొంచెం ఆలోచించి అలవాటు ప్రకారం చేర్చాడు: "గాలి నైరుతి. చేతిలో గుండీ."

ఆయన అది కూడా రాసుకున్నారు. పిమ్మట ఓ తూహల్ గారి నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. "ఆ మూడు రోజుల్లో ఎన్ని ప్రశ్నలు వేశావు?"

"అరవై ఒకటి, సార్."

"ఎన్నిటికి అంటామన్నాడు?"

"అరవై ఒకటికీ. ఇంత మంచి సాక్షి దొరికాడని చాలా సంతోషించాను సార్."

"మా దీవికి వస్తే అరవై ఒకటికి అరవై రెండు ‘అంటామండి’లు ఇచ్చేవాళ్ళం." ఆయన ఆ పేజీలన్నిటికీ అడ్డంగా ఒకే గీత గీసి పుస్తకం తిరిగి ఇచ్చేశారు.

ఈ దశలో, విషయం అసంపూర్ణంగా ఉండిపోవడం ఇష్టం లేక, ఏడవ నిబంధన సంగతి ఏమగునని నేను విచారించాను. సైవ్ నా చేతిని గిల్లింది. ఆ గుర్తు వారం దాకా ఉన్నది.

"ఏడో నిబంధన రాసింది నేనేనండీ సెక్రటరీ గారూ" అన్నారు ఓ గ్రీఫా గారు. "అది సాక్షి గురించి. ఆ మూడు రోజులూ చెప్పిందంతా మావాడు. ఫెహీన్ వింటూ కూర్చున్నాడు, అంతే. చీటీల జోలికి ఎవరూ రారు."

"అమ్మవి?"

"అమ్మవి ముందు."

ఫెహీన్ గుండీని మరో చేతిలోకి మార్చుకున్నాడు. ఓ తూహల్ గారి చెవులు ఎర్రబడి ఉన్నాయి. సైవ్ ఆయన చేతిలో రెండవ కప్పు టీ పెట్టి, "తాగు నాయనా, తప్పు నీది కాదు. నువ్వు అడిగావు, వీడు తలకెత్తుకున్నాడు" అన్నది.

అంతటితో కార్యక్రమం ముగిసి ఉండవలసినది. కాని ఓ గ్రీఫా గారు కారు దాకా వెళ్ళి, ఆగి, రాయిని మళ్ళీ చూశారు. వెనక్కి వచ్చి కోటు విప్పి లౌరాస్ చేతికి ఇచ్చారు.

"ఇంత దూరం వచ్చి ముట్టుకోకుండా పోతే మా దీవిలో నవ్వుతారు."

ఆయన కాళ్ళు ఎడం చేసి, వంగి, రాయిని పట్టుకుని, డబ్లిన్‌లో ఇరవై ఏళ్ళు కూర్చున్న నడుముతో పైకి లాగారు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. వారి బూట్లు మాత్రం బురదలో రెండంగుళాలు దిగాయి. రాయి ఎక్కడిది అక్కడే ఉన్నది, దాని పైనున్న మా కానాక్ట్ సీమ ఎక్కడిది అక్కడే ఉన్నది.

"గాలి దూరిందా?" అన్నారు రొప్పుతూ.

"దూరిందండీ!" అన్నారు నలభై మంది. లౌరాస్ "టోపీ ఎగిరిపోయేంత గాలండీ!" అని కూడా అన్నాడు.

"ఫెహీన్, నువ్వు చెప్పు. దూరిందా?"

అందరూ ఫెహీన్ వైపు తిరిగారు. అతడు వెన్ను ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

"నేను సముద్రం చూస్తున్నానండి."

ఓ గ్రీఫా గారు నవ్వి నవ్వి ఆ రాయి మీదే కూలబడ్డారు. ఓ తూహల్ గారు సరిగా ఆ క్షణంలోనే ఫోటో తీశారు. దాని ప్రతి ఒకటి సంఘం గదిలో ఉన్నది. సంచాలకులు కోటు లేకుండా, సైవ్ బట్టల రాయి మీద, నోరు తెరిచి కూర్చుని ఉంటారు.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో ఆ మాటకు సంబంధించిన అచ్చుప్రతి ఒక పుట సరిచూడడానికి వచ్చింది. శనివారం ఫెహీన్‌కు చదివి వినిపించాను. మేనత్త ఒకే చావుకు రెండుసార్లు ఏడవడం మూడవ ఉదాహరణ. మర్యాద తొమ్మిదవది. రెండిటి పక్కనా పొట్టి అక్షరాలలో మా ఊరి పేరు. గాలి దిక్కు, గుండీ అచ్చు వేయలేదు. అది స్థలాభావం చేత అయి ఉండవచ్చునని చెప్పాను.

"అమ్మదానికీ నాదానికీ ఎంత దూరం?"

స్కేలు పెట్టి కొలిచాను. "రెండంగుళాల పావు."

"అంతేనా?" అన్నాడు. "అయితే వినపడుతుంది."

పుటలో తప్పులు లేవని ధ్రువీకరించి, అతడిచేత గీత పెట్టించి, టపాలో పంపాను. ఆ సాయంత్రం అతడు బాల్చీ నిండుగా నీళ్ళు మోసుకొచ్చాడని సైవ్ చెప్పింది. నేను ప్రత్యక్షంగా చూడలేదు గనుక ఆ సంగతిని ధ్రువీకరించలేను.